కాపీ, కట్, పేస్ట్ మొదటి నుంచి నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

రాగిచెట్టు:
అందరికీ నమస్కారం. మాది మార్కాపురం. ఈమధ్యే ఒక విత్తనాల షాపులో లెక్కలు రాసే పనిలో చేరాను. ఇన్నాళ్లూ పుస్తకాల్లో రాసినవన్నీ ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఫోన్ బాగానే వాడతాను, వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే అన్నీ వచ్చు, కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం ఈ కాపీ, కట్, పేస్ట్ దగ్గరే ఆగిపోతున్నాను. షాపులో కుర్రాడు చూపిస్తాడు కానీ అతని వేళ్లు వెళ్లే వేగానికి ఏం నొక్కాడో కనపడదు, మళ్లీ మళ్లీ అడగాలంటే మొహమాటం.

మౌస్ పట్టుకుని లాగితే నాకు కావాల్సినంత వరకే నీలం రంగు పడదు, కిందికి జారిపోయి పేజీ మొత్తం పడుతుంది. కట్ కొట్టింది పేస్ట్ చేసేదాకా ఎక్కడుంటుంది, ఈలోపు కరెంటు పోతే ఏమవుతుంది? ఇంకోటి, డెస్క్‌టాప్ మీదున్న ఫైల్ కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసుకుని జిరాక్స్ షాపుకి తీసుకెళ్తే అక్కడ తెరుచుకోలేదు. ఓపిగ్గా చెప్పేవాళ్లు ఉంటే చెప్పండి. కంప్యూటర్ విండోస్ 11.

మౌస్‌ప్యాడ్:
చాలా ఈజీ అండి. కంట్రోల్ సి కాపీ, కంట్రోల్ ఎక్స్ కట్, కంట్రోల్ వి పేస్ట్. పొరపాటు జరిగితే కంట్రోల్ జెడ్, వెనక్కి వచ్చేస్తుంది. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించుకోండి, అంతే.

బడిపంతులు_కరీంనగర్:
మౌస్‌ప్యాడ్ గారూ, మీరు చెప్పింది కరెక్టే కానీ ఆమె అడిగింది అది కాదు. నేను బడిలో పిల్లలకు, సెలవుల్లో మా కాలనీ పెద్దవాళ్లకు కంప్యూటర్ నేర్పిస్తుంటాను. ఎవరూ కంట్రోల్ సి దగ్గర ఆగిపోరు, దాని ముందు మెట్టు దగ్గరే ఆగిపోతారు, అంటే సెలెక్ట్ చేయడం దగ్గర. ఏది కాపీ కావాలో కంప్యూటర్‌కి సరిగ్గా చూపించడం రాకపోతే ఎన్ని షార్ట్‌కట్లు కంఠస్థం చేసినా లాభం లేదు, అది వచ్చిన రోజు మిగతా మూడూ గంటలో వచ్చేస్తాయి. మన దగ్గర డీసీఏ (కంప్యూటర్ డిప్లొమా) కోర్సుల్లో కూడా మొదటి రోజే షార్ట్‌కట్ల పట్టిక ఇచ్చి రాయించేస్తారు, సెలెక్షన్ మీద ఒక క్లాసు పూర్తిగా పెట్టేవాళ్లు తక్కువ. అది నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే అక్కడే చాలామంది "ఇది మనవల్ల కాదు" అనుకుని మానేస్తారు.

రాగిచెట్టు గారూ, మౌస్‌తో లాగడం మానేయండి. లాగకుండా సెలెక్ట్ చేసే పద్ధతి ఉంది. మీకు కావాల్సిన ముక్క ఎక్కడ మొదలవుతుందో అక్కడ, మొదటి అక్షరానికి ముందు, ఒక్కసారి క్లిక్ చేసి వేలు తీసేయండి. నిలువు గీత మిణుకుమిణుకుమంటుంది. ఇప్పుడు ఎడమ చేత్తో షిఫ్ట్ నొక్కి పట్టుకుని, ముక్క ఎక్కడ అయిపోతుందో అక్కడ ఇంకొక్క క్లిక్ చేయండి. మధ్యలో ఉన్నదంతా నీలం అవుతుంది, చెయ్యి వణికినా ఏమీ జారదు. చివర కొంచెం ఎక్కువో తక్కువో పడితే షిఫ్ట్ పట్టుకునే కుడి, ఎడమ బాణాలు నొక్కి ఒక్కో అక్షరం సర్దుకోవచ్చు.

ఒక్క మాటే కావాలంటే దాని మీద టకటకా రెండు క్లిక్కులు. వర్డ్‌లో పేరా మొత్తం కావాలంటే మూడు. ఫైల్లో ఉన్నదంతా కావాలంటే కంట్రోల్ ఎ.

రాగిచెట్టు:
సార్, షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేసే పద్ధతి ఇప్పుడే చేసి చూశాను. వచ్చింది! ఇది ఎవ్వరూ చెప్పలేదు. షాపులో కుర్రాడికి కూడా తెలియదట.

పాత_డీటీపీ:
పంతులు గారు చెప్పినదానికి ఒక చరిత్ర ఉంది, నాకు ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

నేను విజయవాడలో పత్రికల పనిలో ఉన్నప్పుడు పేస్టింగ్ సెక్షన్ అని వేరే ఉండేది. కంపోజ్ అయిన మేటరు బ్రోమైడ్ కాగితం మీద పొడుగు పొడుగు కాలమ్‌లుగా వచ్చేది. దాన్ని బ్లేడుతో కోసి, వెనక గమ్ము రాసి, పేజీ సైజు షీటు మీద స్కేలు పెట్టి నిలువుగా అంటించేవాళ్లం. ఆఖరి నిమిషంలో వార్త మారితే అంటించిన ముక్క పీకి ఇంకోటి పెట్టాలి. ఒక్క అక్షరం తప్పు పడితే ఆ అక్షరం ముక్కే కోసి అతికించిన రోజులున్నాయి. కట్, పేస్ట్ అంటే మాకు నిజంగా కోత, అంటింపే.

అమెరికాలో కూడా పుస్తకాల ఎడిటర్లు ఇలాగే కాగితాలు కత్తిరించి అంటించేవాళ్లు. 1970ల మధ్యలో కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీకి పార్క్ (PARC) అనే పరిశోధన కేంద్రం ఉండేది, అక్కడ లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు జిప్సీ అనే ఎడిటర్ ప్రోగ్రాం తయారుచేశారు. అది గిన్ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ కోసం. కంప్యూటర్ ముఖం చూడనివాళ్లు కూడా వాడగలగాలని వాళ్ల పట్టుదల, మన కట్, కాపీ, పేస్ట్ ఈ రూపానికి వచ్చింది అక్కడే.

దానికి ముందు అక్కడే బ్రావో అని ఒక ఎడిటర్ ఉండేది. అందులో ఆజ్ఞలు ఇచ్చే స్థితి వేరు, టైపు చేసే స్థితి వేరు. ఆజ్ఞల స్థితిలో ఉన్నామని మర్చిపోయి ఇంగ్లీషులో ఎడిట్ అనే మాట టైపు చేస్తే, మొదటి అక్షరం 'ఇ'కి డాక్యుమెంట్ అంతా సెలెక్ట్ అయ్యేది, రెండోది 'డి'కి మొత్తం చెరిగిపోయేది, మూడోది 'ఐ'కి కొత్తగా రాయడం మొదలయ్యేది, మిగిలిన 'టి' ఒక్కటే తెర మీద ఉండేది. ఇలాంటివి పోవాలని టెస్లర్ గట్టిగా పనిచేశాడు. జిప్సీలో ముందు మౌస్‌తో ముక్కని చూపించు, తర్వాత ఏం చేయాలో చెప్పు. మనం ఈరోజుకీ అదే వరసలో చేస్తున్నాం. అందుకే పంతులు గారు సెలెక్షన్ ముందు నేర్చుకోమన్నది నూటికి నూరుపాళ్లు సరైన సలహా.

టెస్లర్ 1980లో యాపిల్‌లో చేరాడు. 1983లో వచ్చిన లిసా కంప్యూటర్లోనే ఎక్స్, సి, వి అక్షరాలు ఈ మూడు పనులకీ స్థిరపడ్డాయి. కీబోర్డు అడుగు వరసలో జెడ్, ఎక్స్, సి, వి పక్కపక్కనే ఉంటాయి చూడండి, ఎడమ చెయ్యి కదపకుండా నాలుగూ అందుతాయి. ఆయన 2020 ఫిబ్రవరిలో పోయారు. ఆ వార్త చదివిన రోజు మా పాత పేస్టింగ్ సెక్షన్ వాళ్లందరికీ పంపించాను.

మౌస్‌ప్యాడ్:
ఇదంతా తెలియదండి నాకు. రోజుకి వందసార్లు నొక్కుతాం, ఎవరు పెట్టారో ఎప్పుడూ ఆలోచించలేదు.

ప్రవాసి_డల్లాస్:
నేను మా అమ్మకి వీడియో కాల్‌లో నేర్పించాను, అమ్మ తెనాలిలో ఉంటుంది. నా అనుభవంలో మొదట కీబోర్డు షార్ట్‌కట్లు వద్దు, రైట్ క్లిక్ నేర్పాలి. రైట్ క్లిక్ చేస్తే మెనూలో కట్, కాపీ, పేస్ట్ అని పేర్లు రాసి కనిపిస్తాయి, గుర్తు పెట్టుకోవాల్సిన అవసరం లేదు. షార్ట్‌కట్లు ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి.

బడిపంతులు_కరీంనగర్:
ఇక్కడ నేను ఒప్పుకోను. పెద్దవాళ్లకు రైట్ క్లిక్ చాలా ఇబ్బంది. రెండు బటన్లలో ఏది నొక్కాలో తడబడతారు, పొరపాటున లెఫ్ట్ క్లిక్ పడితే కష్టపడి సెలెక్ట్ చేసిందంతా పోతుంది, మళ్లీ మొదటి నుంచి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద అయితే రెండు వేళ్లతో తట్టాలి, అది ఇంకా కష్టం. కీబోర్డు అయితే సెలెక్షన్ కదలదు. పైగా విండోస్ 11 వచ్చిన కొత్తలో ఫైళ్ల దగ్గర రైట్ క్లిక్ చేస్తే కట్, కాపీ, పేస్ట్ మెనూలో పేర్లు లేకుండా ఉత్త బొమ్మలే ఉండేవి. కత్తెర అంటే కట్, రెండు కాగితాలు అంటే కాపీ, అట్టకి పెట్టిన కాగితం అంటే పేస్ట్ అని తెలియాలి. 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్ నుంచి బొమ్మల పక్కన పేర్లు పెట్టారు. అప్‌డేట్ అవ్వని కంప్యూటర్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి, వాటి మీద నేర్చుకునేవాళ్లకు మీరన్న ఆ సుఖం కూడా లేదు.

ప్రవాసి_డల్లాస్:
టచ్‌ప్యాడ్ సంగతి నిజమే. అమ్మకి నేను విడిగా మౌస్ కొనిపెట్టాను కాబట్టి ఇబ్బంది రాలేదేమో. కానీ రైట్ క్లిక్ తెలియకపోతే కొత్త ప్రోగ్రాం ఏది తెరిచినా అందులో ఏమేం చేయొచ్చో ఎప్పటికీ తెలియదు కదా సార్. రెండూ నేర్పాలి, వరసలో తేడా అంతే.

సీతమ్మధార:
అమ్మా రాగిచెట్టూ, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నీ పెన్‌డ్రైవ్ సందేహానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. డెస్క్‌టాప్ మీద ఆ ఫైల్ బొమ్మ ఎడమ మూల కింద చిన్న వంకర బాణం గుర్తు ఉందేమో చూడు. ఉంటే అది ఫైల్ కాదు, ఫైల్ ఎక్కడుందో చూపించే షార్ట్‌కట్ మాత్రమే. దాన్ని కాపీ చేస్తే దారి మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది, అసలు సరుకు మీ షాపు కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" నొక్కు, అసలు ఫైల్ ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది, అక్కడి నుంచి కాపీ చేసుకో. తీసుకెళ్లేముందు పెన్‌డ్రైవ్ తెరిచి అక్కడి నుంచే ఫైల్ ఒకసారి ఓపెన్ చేసి చూడు, అదే పరీక్ష.

రాగిచెట్టు:
అమ్మా, ఉంది! చిన్న బాణం ఉంది. నాలుగు బొమ్మలకి ఉంది, రెండింటికి లేదు. ఇన్నాళ్లు అన్నీ ఒకటే అనుకున్నాను. మరి కట్ సంగతి? కరెంటు ఇక్కడ రోజూ పోతుంది, యూపీఎస్ పది నిమిషాలు కూడా ఆగదు. అందుకే కట్ అంటేనే టెన్షన్.

మౌస్‌ప్యాడ్:
కట్ రెండు రకాలుగా ఉంటుందండి, మొదటిసారి తొందరపడి రాశాను, ఈసారి వివరంగా చెప్తాను.

ఫైల్‌ని కట్ చేస్తే అది వెంటనే ఎక్కడికీ పోదు. బొమ్మ కొంచెం వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, అంతే. మీరు ఇంకో చోట పేస్ట్ చేసేదాకా పాత చోటే ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా, మనసు మారి పేస్ట్ చేయకపోయినా ఫైల్ ఉన్నచోటే భద్రంగా ఉంటుంది. ఎక్సెల్‌లో గడులు కూడా అంతే, చుట్టూ చుక్కల గీత కదులుతూ ఉంటుంది, పేస్ట్ చేసేదాకా లోపలి అంకెలు అక్కడే ఉంటాయి.

వర్డ్‌లో, నోట్‌ప్యాడ్‌లో రాసింది కట్ చేస్తే మాత్రం తెర మీద నుంచి అప్పుడే మాయమవుతుంది. అది క్లిప్‌బోర్డు అనే కనపడని చోట ఉంటుంది. మామూలుగా పేస్ట్ కొడితే ఆఖరుగా పెట్టిన ఒక్కటే వస్తుంది. ఒకటి కట్ చేసి, పేస్ట్ చేయకుండా ఇంకోటి కాపీ చేస్తే మొదటిదాని చోట రెండోది కూర్చుంటుంది. వెంటనే తెలిస్తే కంట్రోల్ జెడ్ కొట్టుకుంటూ వెనక్కి వెళ్లొచ్చు. కరెంటు పోతే క్లిప్‌బోర్డులోది పోతుంది, కానీ చివరిసారి సేవ్ చేసినప్పుడు ఫైల్లో ఏముందో అది ఉంటుంది. కాబట్టి కట్ చేసేముందు కంట్రోల్ ఎస్ కొట్టి సేవ్ చేయండి, కట్, పేస్ట్ వెంటవెంటనే చేసి మళ్లీ సేవ్ చేయండి.

సీతమ్మధార:
పెన్‌డ్రైవ్‌లోకి పంపేటప్పుడు కట్ అసలు వాడొద్దు, ఎంత అలవాటైనా సరే. కాపీ చేసి, అక్కడ తెరిచి చూసుకుని, అంతా బాగుంటే అప్పుడు పాతది డిలీట్ చేసుకో. సగం వెళ్తుండగా ఎవరో పెన్‌డ్రైవ్ పీకేస్తే ఏ ఫైల్ వెళ్లింది, ఏది వెళ్లలేదు అని వెతుక్కోవాల్సి వస్తుంది. మౌస్‌తో లాగి వదిలేవాళ్లు కూడా ఇది తెలుసుకోవాలి: విండోస్‌లో అదే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి లాగితే ఫైల్ అక్కడికి మారిపోతుంది, వేరే డ్రైవ్‌లోకి లాగితే కాపీ అవుతుంది. కంట్రోల్ పట్టుకుని లాగితే ఎక్కడికైనా కాపీయే.

రాగిచెట్టు:
ఇంకో ప్రశ్న. షాపు ఓనర్ గారు రైతులకి ఇవ్వడానికి పాత కరపత్రం తెలుగులో ఉంది, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టమన్నారు. పేస్ట్ చేస్తే తెలుగు రాలేదు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసి ఏదేదో వచ్చింది. కంప్యూటర్ పాడైందా?

పాత_డీటీపీ:
కంప్యూటర్ బాగానే ఉందమ్మా, మీ చెయ్యి కూడా బాగానే పడింది. ఆ కరపత్రం పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాంలో, "అను" అనే పేరున్న తెలుగు ఫాంట్లతో చేసి ఉంటారు. మన ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఏళ్ల తరబడి అదే నడిచింది, ఇప్పటికీ చాలాచోట్ల అదే. ఆ పద్ధతిలో లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల నంబర్లే, వాటిని తెలుగు బొమ్మలుగా చూపించేది ఆ ఫాంటు. ఫాంటు లేని చోట పేస్ట్ చేస్తే అసలు నంబర్లు బయటపడతాయి. యూనికోడ్‌లో రాసింది అయితే ఈ గొడవ ఉండదు, తెలుగు ప్రతి అక్షరానికీ, గుర్తుకీ అందులో సొంత నంబరు ఉంది, ఏ ఫోన్లో పేస్ట్ చేసినా తెలుగే కనిపిస్తుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు ఒకసారి కళ్లతో చదివి సరిచూడాలి, ముఖ్యంగా మందుల మోతాదులు, అంకెలు ఉంటే తప్పకుండా. చిన్న కరపత్రం అయితే మళ్లీ టైపు చేయడమే మేలు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటుంటే లేఖిని సైట్లో రాసి అక్కడి నుంచి కాపీ చేసి పేస్ట్ చేయండి. నెట్‌లో తెలుగు రాయడం మొదలుపెట్టిన చాలామంది అలాగే మొదలుపెట్టారు.

తెలుగు సెలెక్ట్ చేసేటప్పుడు ఇంకోటి గమనించండి. "స్త్రీ" లాంటి అక్షరాన్ని చాలా ప్రోగ్రాముల్లో బాణం ఒకేసారి దాటుతుంది, సగం సెలెక్ట్ కాదు. కానీ బ్యాక్‌స్పేస్ కొడితే ముందు దీర్ఘం పోతుంది, తర్వాత ఒత్తులు ఒక్కొక్కటీ పోతాయి.

లెక్కల_బుక్కు:
విత్తనాల షాపు లెక్కలు అన్నారు కాబట్టి ఎక్సెల్ గురించి చెప్పాలి, ఇది మీకు రేపే అవసరం పడుతుంది. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు వాట్సాప్ నుంచి కాపీ చేసి ఎక్సెల్‌లో పేస్ట్ చేసేముందు ఆ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, నంబర్ ఫార్మాట్‌లో "టెక్స్ట్" అని పెట్టండి. మామూలుగా వదిలేస్తే ఎక్సెల్ దాన్ని లెక్కపెట్టే అంకె అనుకుంటుంది, ముందున్న సున్నాలు తీసేస్తుంది. 15 అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు కాబట్టి 16 అంకెల ఖాతా నంబరు పేస్ట్ చేస్తే ఆఖరి అంకె సున్నా అయిపోతుంది, ఎక్కడా ఎర్ర గీత కూడా రాదు. డబ్బులు ఆగిపోయిన తర్వాత ఎవరూ ఎక్సెల్‌ని అనుమానించరు, రాసినవాళ్లని అంటారు. ఆధార్ 12 అంకెలే కాబట్టి అంకె పోదు, కానీ మధ్యలో చుక్క, ఇంగ్లీషు 'ఇ' అక్షరం పెట్టి వింతగా చూపిస్తుంది, దానికీ టెక్స్ట్ పెడితే సరిపోతుంది. ఐఎఫ్ఎస్‌సి కోడ్ (బ్యాంకు బ్రాంచి కోడ్) పేస్ట్ చేశాక 11 అక్షరాలు ఉన్నాయా, ఐదోది సున్నాయేనా చూసుకోండి, వాట్సాప్ నుంచి కాపీ చేసినప్పుడు చివర ఒక ఖాళీ కూడా అంటుకుని రావచ్చు.

సూత్రాలున్న గడి సంగతి వేరు. బి2ని సి2తో గుణించే సూత్రం కాపీ చేసి కింది గడిలో పేస్ట్ చేస్తే అది బి3, సి3 అని మారుతుంది, మనకి కావాల్సింది కూడా అదే. కట్ చేసి పేస్ట్ చేస్తే మారదు, పాత గడులనే చూస్తుంది. వచ్చిన జవాబు మాత్రమే కావాలి, సూత్రం వద్దు అనుకుంటే రైట్ క్లిక్ చేసి పేస్ట్ ఆప్షన్లలో 123 అని ఉన్న బొమ్మ నొక్కండి.

రాగిచెట్టు:
16 అంకెల సంగతి చదివి రేపు పొద్దున్నే పాత షీటు మొత్తం సరిచూడాలనిపిస్తోంది.

లెక్కల_బుక్కు:
చూడండి. సున్నాతో ముగిసిన పొడుగు నంబర్లన్నీ పాస్‌బుక్కు జిరాక్సుతో పోల్చండి. ఇప్పుడు టెక్స్ట్ పెట్టినా పోయిన అంకె తిరిగి రాదు, మళ్లీ కొత్తగా పేస్ట్ చేయాల్సిందే.

మౌస్‌ప్యాడ్:
ఇంకో రెండు చెప్తాను. వెబ్‌సైట్ నుంచి కాపీ చేసింది వర్డ్‌లో పేస్ట్ చేస్తే అక్కడి రంగులు, సైజులు అన్నీ వెంట వస్తాయి. కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని వి నొక్కితే ఉత్త అక్షరాలే వస్తాయి, క్రోమ్‌లో, గూగుల్ డాక్స్‌లో, కొత్త వర్డ్‌లో పనిచేస్తుంది. పాత వర్డ్ అయితే ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి అక్కడి నుంచి మళ్లీ కాపీ చేయండి.

విండోస్ గుర్తున్న కీ పట్టుకుని వి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవి వరసగా కనిపిస్తాయి, మొదటిసారి "టర్న్ ఆన్" అని అడుగుతుంది. 2018లో విండోస్ 10కి వచ్చింది ఇది, 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పిన్ చేసి (పిన్ను గుర్తు నొక్కి) ఉంచుకున్నవి తప్ప పోతాయి.

సీతమ్మధార:
అది షాపు కంప్యూటర్ అని మర్చిపోకండి బాబూ. నలుగురు కూర్చునే చోట పాస్‌వర్డ్ కాపీ చేస్తే ఆ లిస్టులో తర్వాత కూర్చున్నవాళ్లకి కనిపించవచ్చు. అమ్మాయ్, పాస్‌వర్డులు ఎప్పుడూ చేత్తో టైపు చెయ్యి. ఆ లిస్టు ఆన్ చేస్తే ఇంటికెళ్లేముందు విండోస్ కీ, వి నొక్కి "క్లియర్ ఆల్" కొట్టి వెళ్లు.

రాగిచెట్టు:
అలాగే అమ్మా. ఇంట్లో కంప్యూటర్ లేదు, షాపులో మధ్యాహ్నం భోజనాల టైంలో కొంచెం ఖాళీ దొరుకుతుంది. అప్పుడు ఏం ప్రాక్టీస్ చేయమంటారు? అసలు లెక్కల మీద చేయాలంటే భయం.

ప్రవాసి_డల్లాస్:
అసలు లెక్కల మీద వద్దండి. అమ్మతో నేను చేయించింది ఇది: నోట్‌ప్యాడ్ తెరిచి చైత్రం నుంచి ఫాల్గుణం దాకా తెలుగు నెలలు కలగాపులగంగా, ఒక్కో వరసకి ఒకటి టైపు చేయడం. తర్వాత కట్, పేస్ట్ మాత్రమే వాడి వాటిని సరైన వరసలో పెట్టాలి, ఒక్క అక్షరం కూడా మళ్లీ టైపు చేయకూడదు. వరస మొదట్లో గీత పెట్టి, షిఫ్ట్ పట్టుకుని కింది బాణం ఒకసారి నొక్కితే ఆ వరస మొత్తం సెలెక్ట్ అవుతుంది. అమ్మకి నెలల వరస నాకంటే బాగా తెలుసు, ఆశ్వయుజం తర్వాత ఏంటో నన్నే అడిగి నవ్వేది. తెలిసిన విషయం కాబట్టి బుర్ర మొత్తం చేతి పని మీదే ఉంటుంది.

బడిపంతులు_కరీంనగర్:
చాలా మంచిగుంది, మా కాలనీ క్లాసులో వాడుకుంటాను. నెలలు అయ్యాక ఫైళ్ల మీద చేయండి రాగిచెట్టు గారూ. డాక్యుమెంట్స్‌లో "ప్రాక్టీస్" అని ఒక ఫోల్డర్, అందులో "ఖరీఫ్", "రబీ" అని రెండు ఫోల్డర్లు పెట్టి, ఉత్త నోట్‌ప్యాడ్ ఫైళ్లు వరి, మిరప, శనగ, పొద్దుతిరుగుడు అని పేర్లతో చేసుకోండి. ఒకదాని మీద క్లిక్ చేసి, కంట్రోల్ పట్టుకుని మిగతావాటి మీద ఒక్కో క్లిక్ చేస్తే విడివిడిగా ఉన్నవి కూడా కలిపి సెలెక్ట్ అవుతాయి. ఏ పంట ఏ కాలానిదో అందులోకి కట్ చేసి పంపండి, మళ్లీ కంట్రోల్ జెడ్ కొట్టి వెనక్కి తెప్పించండి. ఫైళ్లకి కూడా కంట్రోల్ జెడ్ పనిచేస్తుందని చాలామందికి తెలియదు.

రాగిచెట్టు:
మిరప మా వైపు ఖరీఫ్‌లోనే వేస్తారు సార్, శనగ రబీ. నెలలు ఇవాళ మధ్యాహ్నం చేశాను, మార్గశిరం దగ్గర రెండు వరసలు కలిసిపోయి ఒకే వరసలో పడ్డాయి. అదెందుకు?

ప్రవాసి_డల్లాస్:
వరస చివర ఎంటర్ కూడా కట్‌లో రావాలి. మౌస్‌తో మాట వరకే సెలెక్ట్ చేస్తే ఎంటర్ అక్కడే ఉండిపోతుంది, షిఫ్ట్, కింది బాణం వాడితే ఎంటర్‌తో కలిపి వస్తుంది. అన్నిటికన్నా కింది వరస ఒక్కటే జాగ్రత్త, దాని తర్వాత ఎంటర్ కొట్టి ఉండరు కదా. మొదలుపెట్టేముందే చివర ఒక ఎంటర్ కొట్టి ఉంచుకోండి.